తిండికి టైమ్ ఉంటది తమ్మీ

తమ్మీ,

నువ్వు పంపింది చదివిన. రెండుసార్లు చదివిన, ఒకసారి బస్సుల, ఒకసారి ఇంట్ల అన్నం తిన్నంక, ఎందుకంటే ఆకలి మీద చదివితే తిండి గురించి ఏం రాసినా బాగనే అనిపిస్తది, అది రాసినోని గొప్ప కాదు మన కడుపు గొప్ప. "హైదరాబాద్‌ల తప్పక తినాల్సిన 25 చోట్లు" అని హెడ్డింగ్ పెట్టినవ్. అండ్ల పందొమ్మిది నాకు తెల్సినయే, నీకు తెల్సినయే, నిన్న రాత్రి శంషాబాద్‌ల విమానం దిగినోనికి కూడా తెల్సినయే. మిగిలిన ఆరు బాగున్నయ్, ఆ ఆరు దగ్గరనే నీ చెయ్యి కూడా మంచిగ తిరిగింది, చూసుకో.

కోపం తెచ్చుకోకు. తప్పు నీ భాషల లేదు. ఇరవై అయిదు చోట్లు రాసినవ్ గానీ ఒక్కదాని దగ్గర కూడా టైమ్ ఎంతయిందో లేదు. అన్నిటికీ రాత్రి ఎనిమిదిన్నరకే పోయినట్టున్నవ్, ఆఫీస్ అయినంక, బైక్ మీద, దోస్తును ఎనక కూసోబెట్టుకొని. అవునా కాదా?

ఈ ఊరి తిండి మీద ఇన్నేళ్లు రాసినంక నాకు గట్టిగ తెల్సింది ఒక్కటే. ఇక్కడ తిండి అడ్రస్ మీద నడవది, టైమ్ మీద నడుస్తది. నహారీ, అదే మాంసం పులుసు, దాని గురించి ఏం రాసినవ్? "రుచి బాగుంది కానీ కొంచెం జిడ్డు ఎక్కువ" అని. అరే, నహార్ అంటే అరబ్బీల పగలు, పేర్లనే టైమ్ ఉన్నది కదరా! రాత్రంతా సన్న మంట మీద ఉడికి తెల్లారేసరికి దించుతరు దాన్ని. తెల్లారుజాము ఫజర్ నమాజ్ చేసి వచ్చినోళ్లు, రాత్రి డ్యూటీ దిగిన ఆటోవాలాలు, మార్కెట్ల మూటలు మోసేటందుకు పోయే హమాలీలు, ఆస్పత్రిల రాత్రంతా పేషెంట్ దగ్గర కూసున్న చుట్టపోళ్లు, వీళ్లు తినేది అది. నాలుగు మూలల నాన్, అదే చార్ కోనీ నాన్, భట్టీల నుంచి అప్పుడే తీసింది, తుంచి ముంచుకొని తింటరు. డిసెంబర్ చలిల, పొద్దుగాల ఐదున్నరకి, ఖాళీ కడుపు మీద తిన్నోనికి అది జిడ్డు కాదు, దుప్పటి. నువ్వు రాత్రి తొమ్మిదింటికి, అంతకుముందే ఎక్కడ్నో బిర్యానీ లాగించి తిన్నవ్. జిడ్డు నీ టైముదిరా, నహారీది కాదు.

పాతబస్తీ దిక్కు బార్కస్ కూడ గంతే. నీ లిస్టుల బార్కస్ అంటే మండీ ఒక్కటే ఉన్నది. పొద్దున పోవాలె అక్కడికి, హరీస్ దొరుకుతది, గోధుమ, మాంసం కలిపి మెత్తగ ఉడకబెట్టి కొట్టింది, మసాలా హడావిడి లేకుంట. ఉప్పుది ఉంటది, చక్కెర నెయ్యి ఏసిన తీపిది కూడ ఉంటది, మొదటిసారి తీపిది తిన్నప్పుడు నాకు నచ్చలే, మూడోసారికి నచ్చింది, మొదటిసారి తినంగనే రాసుంటే ఏం రాసేటోన్నో తల్చుకుంటే ఇప్పుడు సిగ్గయితది. నిజాం ఫౌజుల పనిచెయ్య యెమెన్ దిక్కు నుంచి వచ్చిన అరబ్బుల బారక్స్ ఉన్న జాగ అది, బారక్సే బార్కస్ అయింది. మన హలీం ఆ హరీస్‌కు దగ్గరి చుట్టమే, ఈడికొచ్చినంక మసాలాలు, పప్పులు, నెయ్యి అన్నీ ఎక్కినయ్. 2010ల హైదరాబాద్ హలీంకు జీఐ ట్యాగ్, అంటే ఈ ఊరిదే అన్న సర్కారు గుర్తింపు, వచ్చింది అని నువ్వు రాసినవ్, నిజమే, కానీ ఆ ముక్క అందరూ రాస్తరు. రంజాన్ నెలల మధ్యాహ్నం రెండింటికి పో, గిరాకీ ఇంకా మొదలు గాకముందు. ఇటుక మట్టితోని కట్టిన భట్టీల ఇంతింత దేగ్‌లు, అంటే పెద్ద గుండిగలు, దింపి ఉంటయ్, ఇద్దరు ముగ్గురు మనుషులు పొడుగు కట్టె గోట్నీలు పట్టుకొని ఒకరి ఎంబడి ఒకరు దంచుతుంటరు, పొగ, చెమట, మధ్యమధ్యల ఎవడో మొబైల్ల ఏదో పాట, వాళ్లల్ల చాలమంది రోజా ఉండి చేస్తుంటరు, అంటే నీళ్లు గూడ తాగకుంట పొద్దంతా వాసన పీలుస్తూ దంచుడన్నట్టు. సాయంత్రం ఏడింటికి ప్లేట్ పట్టుకొని సెల్ఫీ దిగినోనికి ఇదంతా ఎట్ల తెలుస్తది?

ఇరానీ చాయ్ మీద నువ్వు పేజీన్నర రాసినవ్, అండ్ల సగం ఉస్మానియా బిస్కెట్ కథే. ఆస్పత్రిల రోగుల కోసం చేసిన్రు, అక్కడ్నుంచే ఆ పేరొచ్చింది అని చూసినట్టే రాసినవ్. ఎవరు చెప్పిన్రు నీకు? ఏడో చదివినవ్, వాడింకేడో చదివిండు. అసోంటివి రాయొద్దంటలేను, "అంటరు" అని ఒక్క మాట పెట్టు, ఇంకా మంచిది ఆ మాట అన్న మనిషిని పట్టుకొచ్చి పెట్టు, గల్లా మీద కూసున్న పెద్దాయన బిస్కెట్ విరుసుకుంట చెప్పిండంటే ఆ కథ అబద్ధమైనా ఆ పెద్దాయన నిజం. ఇగ చాయ్ సంగతి, డికాక్షన్ ఒక గిన్నెల మూత బిగించి మరుగుతుంటది, పాలు ఇంకోదాంట్ల చిక్కబడుతుంటయ్, రెండూ కలిసేది కప్పులనే, అందుకే పొద్దున ఆరింటి చాయ్, సాయంత్రం ఆరింటి చాయ్ ఒక్కటి గాదు. ఒకే హోటల్‌కు పొద్దున, మధ్యాహ్నం, రాత్రి మూడుసార్లు పోయి మూడు చాయ్‌లు తాగి రాయి. పొద్దున పేపర్ చదివే రిటైర్డ్ సార్లు ఉంటరు, మధ్యాహ్నం వన్ బై టూ చెప్పి గంట కూసునే నిరుద్యోగులు, రాత్రి చిన్న ఉల్లిగడ్డ సమోసాల కోసం పోరగాళ్లు. మొజాయిక్ గచ్చు, పాలరాతి టేబుళ్లు అని వర్ణన ఎందుకురా, అవి ఎన్నో చోట్ల పోయినయ్, హోటల్ పోయి ఆ మూలమీద బట్టల షోరూమ్ వచ్చింది.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్త. ఇది చెప్పుడానికే ఇంత దూరం వచ్చిన అనుకో.

శానా ఏళ్ల కింద ఒకామె ఇడ్లీ బండి గురించి రాసిన. పొద్దుగాల ఆరింటికి వచ్చేది, ఎనిమిదిన్నరకి గిన్నెలు కడుక్కొని పోయేది. పల్లీ చట్నీ, అల్లం చట్నీ, ఇడ్లీ మీద కారప్పొడి, అంతే. నేను బాగనే రాసిన, చట్నీ గురించే ఎనిమిది లైన్లు రాసిన, ఏ గల్లీ, ఏ కరెంట్ స్తంభం, ఏ దుకాణం ముందర, అన్నీ రాసిన. టైమ్ రాయలే. నాకది ముఖ్యం అనిపియ్యలే. అది చదివి జనం మస్తు వచ్చిన్రు, ఎనిమిదిన్నరకి గాదు, తొమ్మిదికి, తొమ్మిదిన్నరకి, ఆదివారం నాడు పదికి. ఆమె కూడ గిరాకీ ఇడ్సిపెట్టలేక ఉన్నది, పాపం ఎవరు ఇడ్సిపెడ్తరు. ఆ బండి నిలబడేది ఒక దుకాణం షటర్ ముందర. ఆ సేటు తొమ్మిదిన్నరకి షటర్ తీస్తడు, అప్పటిదాక ఆ జాగ ఆమెది అని వాళ్లిద్దరి మధ్య నోటి మాట, కిరాయి లేదు, కాయితం లేదు. షటర్ ముందర ఇరవై బైకులు నిలబడితే ఆయన ఎన్ని రోజులు ఓపిక పడ్తడు? నెల తిరగకముందే బండి పోయింది. నేను మళ్ల పోయేసరికి అక్కడ ఎవరూ లేరు. పక్క పాన్ డబ్బా ఆయన చెప్పిండు, "పేపర్ల ఎవడో రాసిండట సార్" అని. ఆ ఎవడో నేనే అని చెప్పలే.

అప్పటికి గాని అర్థం గాలే నాకు, ఈ ఊర్ల ఒక్కటే జాగ మీద రోజుకు మూడు దుకాణాలు నడుస్తయ్ అని. పొద్దున టిఫిన్ బండి, పగలు షటర్ దుకాణం, షటర్ దించినంక మిర్చి బజ్జీనో నూడుల్సో. మొజంజాహీ మార్కెట్ దిక్కు తెల్లారుజామున దోశలు తినుకుంట నిలబడే జనాన్ని చూసినవ్ కదా, పగటి పూట పోతే ఆ జాగ వేరే ఊరు లెక్క ఉంటది. 2024 జనవరిల మాదాపూర్‌ల రోడ్డు పక్కన అన్నం అమ్మే కుమారి ఆంటీ సంగతి నీకు నాకన్నా ఎక్కువ తెలుసు, రెండు లివర్లు ఎక్స్‌ట్రా అని నవ్వుకుంట రీల్స్ జేసిన్రు, జనం ఎగబడ్డరు, ట్రాఫిక్ ఆగింది, బండి తీయించిన్రు, ఆఖరికి ముఖ్యమంత్రి చెప్తే గాని మళ్ల పెట్టుకోలే. అందరికీ ముఖ్యమంత్రి చెప్పడు. నువ్వు రాసేముందు బండి ఆమెను అడుగు, "అక్కా, రాయాల్నా, ఎన్నింటిదాక ఉంటవని రాయాలె?" అని. వద్దు అన్నదనుకో, రాయకు, తిని రా.

ఇంకోటి. నీ ఇరవై అయిదింట్ల మనోళ్ల రోజు తిండి ఏది? కర్రీ పాయింట్ లేదు! అమీర్‌పేట హాస్టల్ల ఉన్నోనివి, రూముల ఎలక్ట్రిక్ కుక్కర్ల బియ్యం పడేసి పప్పు ఒక కవర్, బెండకాయ ఫ్రై ఒక కవర్, రసం ఒక కవర్ తెచ్చుకొని బతికినోనివి, అదే రాయకపోతే ఎట్ల? రాత్రి తొమ్మిది దాటితే టమాట పప్పు తప్ప ఏం మిగలదని నీకు తెలుసు, ఆ గిన్నెల అడుగున మిగిలింది చూసి నెల ఆఖరు వచ్చిందో లేదో చెప్పొచ్చు. సాయంత్రం రోడ్డు పక్కన పొయ్యి పెట్టుకొని జొన్నరొట్టెలు కొట్టే ఆడోళ్లున్నరు, షుగర్ వచ్చిన సార్లంతా కార్లు ఆపి పార్సల్ తీసుకపోతరు, ఒకప్పుడు అదే రొట్టెను బీదోళ్ల తిండి అని చూసినోళ్లు కావొచ్చు వాళ్లు. నెలలు కూడ చూసుకో. మృగశిర కార్తె నాడు రాంనగర్ చేపల మార్కెట్‌కు పో, తొలి ఏకాదశికి పేలాల పిండి, బోనాల ఆదివారం తెల్లారి సోమవారం ఇంటింట్ల మటన్ వాసన, దసరా దాటినంక రోడ్ల పొంట సీతాఫలం గంపలు. గివి రాస్తే ఏడాది సరిపోతది నీకు.

కల్లు గురించి రాసినవ్ గానీ భయపడుకుంట రాసినవ్, సగం మెచ్చుకొని సగం తిట్టినవ్. సూటిగ రాయి. సిటీల కల్లు దుకాణాలు 2004ల బందైనయ్, తెలంగాణ వచ్చినంక 2014ల మళ్ల తెరిసిన్రు, 2023ల నెక్లెస్ రోడ్డు మీద నీరా కేఫ్ వచ్చింది. 2025 జూలైల కూకట్‌పల్లి దిక్కు కల్తీ కల్లు తాగి మనుషులు చచ్చిపోయిన్రు, అది రాయకుంట కల్లు మీద కవిత్వం రాస్తే నిన్ను ఎవరు నమ్ముతరు. ఇక్కడ కూడ మళ్ల టైమే. చెట్టు మీదికెళ్లి దించంగనే తియ్యగ ఉంటది, ఎండ ఎక్కేకొద్దీ పులుస్తది, పులవక ముందరిదే నీరా. సిటీ దాటి పో, గౌడన్న మోకు ఏసుకొని తాడెక్కుతుంటే కింద నిలబడు, లొట్టి దింపినంక రేకల పోయించుకొని తాగు. పొద్దున ఎట్లుండె, పదకొండింటికి ఎట్లయింది, రెండూ రాసుకో. మధ్యాహ్నం మూడింటికి ఎవడన్నా సీసాల పోసి తియ్యగ ఉందని ఇస్తే మాత్రం అడుగు వాన్ని, ఏం కలిపినవ్ రా అని.

"నోరూరించే" అన్న మాట నీ దాంట్ల పదకొండుసార్లు వచ్చింది, లెక్కవెట్టిన. తీసెయ్. "లాజవాబ్" కూడ. రేటు మాత్రం రాయి, తారీఖుతోని సహా, ఇయ్యాల నీకు చిన్న ముచ్చట అనిపిస్తది గానీ పదేళ్ల తర్వాత చదివేటోళ్లు ముందుగాల అదే చూస్తరు.

లెటర్ ఆఖర్ల రాసినవ్ కదా, "మా కరీంనగర్ల ఏమున్నదన్నా, చిన్న ఊరు, నాలుగు బిర్యానీ హోటళ్లు" అని. నాలుగు హోటళ్లు రాత్రి ఎనిమిదింటికి ఉన్నయ్. పొద్దున ఐదింటికి బస్టాండ్ల ఏముంటదో ఎప్పుడన్నా చూసినవా? మీ అమ్మ సర్వపిండి ఏ గిన్నెకు ఒత్తుతది, ఎన్ని నిమిషాలకు అడుగు ఎర్రగ అయితది, ఫోన్ చేసి అడుగు. ఆమెకు నిమిషాలు తెల్వది, వాసన చెప్తది, ఆ వాసన ఎట్లుంటదో ఆమె మాటల్నే రాసుకో.

ఈ ఆదివారం ఖాళీ పెట్టుకో. పొద్దుగాల ఐదింటికల్ల పాతబస్తీల పురానీ హవేలీ మలుపు దగ్గర నిలబడి ఉంట. మెట్రో అప్పటికి మొదలు గాదు, దోస్తు బైక్ అడుక్కో, ఎనక వాన్ని మాత్రం కూసోబెట్టుకోకు, వాడు ముచ్చట్లు పెడ్తడు. రాత్రి తక్కువ తిను.

మీ అన్న