డీజిల్ పికప్ డోర్ మీద పేలోడ్ అంత తక్కువ ఎందుకుంటుంది?

బ్రోచర్‌లో 4,000 పౌండ్లని చదివి వెళ్తే, షోరూంలో ఉన్న ముప్పావు టన్ను (ఎఫ్-250, 2500 లాంటి బండ్లకి పాత తరగతి పేరు, మోసే బరువు కాదు) డీజిల్ క్రూ క్యాబ్ (నాలుగు తలుపుల బండి) డోర్ స్టిక్కర్ మీద 2,100 అనే ఉంది, ఇంత పెద్ద బండి మోసేది ఇంతేనా అని అడిగారు కదా. నేను టెక్సస్‌లో ఫెన్సింగ్, కాంక్రీట్ పనులు చేయిస్తాను. మా సరుకంతా ఇలాంటి బండ్లలోనే వెళ్తుంది.

మొదట ఆ 2,100 ఎలా వచ్చిందో చూడండి. బండి, మనుషులు, ఇంధనం, సరుకు అన్నీ కలిపి ఎంత దాటకూడదో కంపెనీయే నిర్ణయిస్తుంది. దాన్ని జీవీడబ్ల్యూఆర్ అంటారు. అందులోంచి ఖాళీ బండి బరువు తీసేస్తే మిగిలేదే పేలోడ్. ముప్పావు టన్ను బండ్లలో చాలావాటికి ఈ హద్దు సరిగ్గా 10,000 పౌండ్ల దగ్గర ఆగుతుంది. ఇరుసు అంతకుమించి మోయలేక కాదు, చట్టం వల్ల. అమెరికాలో 10,000 దాకా క్లాస్ 2బి, 10,001 నుంచి క్లాస్ 3. వ్యాపారం మీద రాష్ట్రాలు దాటి తిరిగే బండి 10,001కి చేరితే డాట్ నంబర్ (అమెరికా రవాణా శాఖ ఇచ్చే రిజిస్ట్రేషన్ నంబర్), డ్రైవర్‌కి మెడికల్ సర్టిఫికెట్ లాంటివన్నీ వచ్చి పడతాయి. ట్రైలర్ తగిలిస్తే రెండిటి రేటింగూ కలిపి చూస్తారు. అందుకే ఒక టన్ను తరగతి ఫోర్డ్ ఎఫ్-350ని కూడా 10,000 స్టిక్కర్‌తో కొనుక్కునే ఆప్షన్ ఉంది.

హద్దు అక్కడ ఆగిపోయాక బండికి ఏది చేర్చినా పేలోడ్‌లోంచే పోతుంది. డీజిల్ ఇంజనే పెట్రోల్ ఇంజన్ కంటే కొన్ని వందల పౌండ్లు ఎక్కువ. దాని మీద ఫోర్ బై ఫోర్, నాలుగు తలుపులు, సన్‌రూఫ్. బ్రోచర్‌లోని పెద్ద అంకె ఇవేవీ లేని చిన్న క్యాబ్ బండిది.

బండిలో నిజంగా ముందు చేతులెత్తేసేది వెనక ఇరుసు వైపే. టైరు, రిమ్, కమాన్ పట్టీలు, బేరింగులు, ఇరుసు గొట్టం, వీటిలో ఏది బలహీనమైతే వెనక ఇరుసు రేటింగ్ దాన్ని మించకూడదు. 275/70ఆర్18 సైజులో లోడ్ రేంజ్ 'E' (టైరు మోసే బరువు తరగతి) టైరు 80 పీఎస్ఐ గాలితో 3,640 పౌండ్లు మోస్తుంది. రెండూ కలిపి 7,280. డోర్ మీద వెనక ఇరుసుకి 6,340 అని ఉంటే మీ హద్దు 6,340, టైర్ల లెక్క కాదు. వెనక కమాన్ పట్టీలకి తోడుగా ఎయిర్‌బ్యాగులు (గాలి తిత్తులు) వేస్తే కిందికి వంగిన వెనక భాగం లేస్తుందంతే, రేటింగ్ ఒక్క పౌండు కూడా పెరగదు. ఈ విషయంలో అమ్మేవాళ్ల మాట దయచేసి నమ్మకండి.

మా పనిలో లెక్క ఇది: 80 పౌండ్ల కాంక్రీట్ సంచులు ప్యాలెట్‌కి 42. అంటే 3,360 పౌండ్లు. మీరు చూసిన బండిలో అది వేయడానికి వీల్లేదు. మేం దానికి పెట్రోల్ ఒక టన్ను బండి వాడతాం. ప్యాలెట్‌ని వెనక ఇరుసుకి కాస్త ముందుకి పెట్టిస్తాను. ఇరుసు వెనక్కి జరిగితే ముందు చక్రాల మీద బరువు తగ్గి స్టీరింగ్ తేలిపోతుంది.

ఫిఫ్త్ వీల్ ట్రైలర్ (బంపర్‌కి కాకుండా తొట్టిలోని కొక్కేనికి తగిలించేది) ఆలోచన ఉంటే ఇంకా జాగ్రత్త. దాని బరువులో దాదాపు ఐదోవంతు మీ బండి వీపు మీదే పడుతుంది. 12,000 పౌండ్ల ట్రైలరైతే 2,400. లాగే సామర్థ్యం 15,000 పైనే అని రాసి ఉన్నా, మీ 2,100 పేలోడ్ ఇంట్లోవాళ్లు ఎక్కకముందే అయిపోయింది.

కాబట్టి తొట్టిలో తరచూ 2,500 దాటి వేస్తారంటే ఒక టన్ను తరగతిలోని పెట్రోల్ 3500 గానీ ఎఫ్-350 గానీ చూడండి, 10,000 స్టిక్కర్‌ది మాత్రం వద్దు. బరువైన ఫిఫ్త్ వీల్ అయితే వెనక నాలుగు చక్రాల డ్యూయలీ తీసుకోండి. 10,000 దాటిన బండ్లకి సరుకు ఎంత వేయొచ్చో చెప్పే పసుపు తెలుపు స్టిక్కర్ తప్పనిసరి కాదు. అలాంటప్పుడు ట్యాంకు నింపి, ట్రక్ స్టాప్‌లోని క్యాట్ స్కేల్ (లారీలు తూచే కాటా) మీద తూయించి, వచ్చిన బరువుని జీవీడబ్ల్యూఆర్‌లోంచి తీసేయండి. ముందు, వెనక ఇరుసుల బరువులు విడివిడిగా ప్రింట్ చేసిస్తారు. సరుకు వేశాక మళ్లీ తూయించి వెనక ఇరుసు అంకె కూడా సరిచూసుకోండి.