ప్రభుత్వం బలహీనపడితే విప్లవం, నరమేధం తప్పవా?

బరంపురంలో డిగ్రీ చదువుతున్న ఒక విద్యార్థి అడిగిన ప్రశ్న ఇది.

తప్పవని లేదు. ఖజానా ఖాళీ అయి, సైన్యం మాట వినడం మానేస్తే విప్లవానికి దారి తెరుచుకుంటుంది. 1917లో రష్యాలో జార్ చక్రవర్తి అలాగే గద్దె దిగాడు. నరమేధానికి మాత్రం అది చాలదు. ఫలానా జనం వల్లే మనకీ గతి పట్టిందని అధికారంలో ఉన్నవాళ్లు పనిగట్టుకుని నూరిపోయాలి.

ఆఫ్రికాలోని రువాండా చూడండి. బెల్జియం పాలనలో, 1930లలోనే, గుర్తింపు కార్డుల మీద హుటూ, టుట్సీ అని అక్కడి రెండు ప్రధాన తెగల పేర్లు రాయడం మొదలైంది. 1959 తిరుగుబాటుతో టుట్సీ రాచరికానికి కాలం చెల్లింది, ఎంతోమంది టుట్సీలు పొరుగు దేశాలకు పారిపోయారు. 1990లో అంతర్యుద్ధం. 1994 ఏప్రిల్ 6న అధ్యక్షుడి విమానాన్ని కూల్చేశారు. ఆ తర్వాత దాదాపు 100 రోజుల్లో, హుటూ అతివాదులు సుమారు 8 లక్షల మందిని చంపారు. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది టుట్సీలు. రేడియోలో వాళ్లను బొద్దింకలన్నారు. రోడ్ల మీద ఆపి, అదే కార్డు చూసి నరికారు. ఇదంతా ఆవేశంలో జరిగిపోయిందంటే నేను ఒప్పుకోను. ఆయుధాలూ, చంపాల్సినవాళ్ల జాబితాలూ ముందే సిద్ధమయ్యాయి.

కంబోడియాలో వరస వేరు. అక్కడ 1975లో విప్లవం పేరుతో గద్దెనెక్కిన ఖ్మేర్ రూజ్ అనే కమ్యూనిస్టు దళం వాళ్లే నరమేధం చేశారు.

మన దగ్గర 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి జమీందారీ రెండు ముక్కలైంది. తెలుగు, ఒడియా వాళ్ల మధ్య టెన్షన్ లేకపోలేదు. కానీ ఆ తగువు వినతిపత్రాల మీద, కమిటీల ముందు నడిచింది. ఎవరినీ ఏరి చంపమని ఏ ప్రభుత్వమూ చెప్పలేదు.