తడిసిన అట్టపెట్టె వాసన

అమ్మాయికి ఆశీస్సులు.

వైన్ తయారుచేసే చోట్లు చూసొచ్చి నువ్వు రాసి పంపిన ‘ఒక రోజు, నాలుగు వైనరీలు’ అందింది. మొదటిసారి విసుగొచ్చి సగంలో పక్కన పెట్టేశాను. ఆ విసుగెందుకో చెబుదామనే ఈ ఉత్తరం.

రెండో టేస్టింగ్ రూములో తాగిన ఎర్ర వైన్ గురించి “టానిన్ల నిర్మాణం దృఢంగా, ముగింపు సుదీర్ఘంగా ఉంది” అని రాశావు. ఇది నీ మాట కాదు, కౌంటర్ మీద పెట్టిన కార్డుది. నోరు పిడచగట్టి, నాలుక అంగిట్లో అతుక్కున్నట్టు అనిపించిందా లేదా? దానికి మనకి వగరు అని మూడక్షరాల మాట ఉంది. ఒక ద్రాక్షగింజ కొరికి చూడు, తెలుస్తుంది. ఎర్ర వైన్‌ని తొక్కలూ గింజలతోనే పులియబెడతారు. వగరు వాటిదే; కార్డు మీది టానిన్లంటే ఆ వగరు పదార్థాలే. రంగేమో తొక్కలది. చాలా నల్లద్రాక్షల్ని పిండితే వచ్చే రసానికి ఆ ఎరుపే ఉండదు. అక్కడ ఎవరో ఒకరు ఇది చెప్పే ఉంటారు, నీకు రాయాలనిపించలేదు.

2001లో ఫ్రాన్స్‌లోని బోర్డో పరిశోధకుల ప్రయోగం ఒకటి అచ్చైంది. వైన్ తయారీ చదువుతున్న 54 మందికి, వాసన లేని ఎర్రరంగు కలిపిన తెల్ల వైన్ ఇచ్చి వాసన ఎలా ఉందో రాయమన్నారు. వాళ్లు ఎర్ర వైన్‌కి వాడే మాటలే రాశారు. కన్ను చెప్పింది ముక్కు నమ్మేసిందన్నమాట. చదువుకుంటున్నవాళ్లే అలా బోల్తాపడితే, కార్డు చదివాక గ్లాసెత్తిన నీ సంగతేంటి?

నేనేం తక్కువ తినలేదులే. కొత్తల్లో ఇలాంటి సెల్లార్ మీదే రాస్తూ, కరపత్రంలోని “మఖమల్ మెత్తదనం” ఉన్నదున్నట్టు దించేశాను. ఎడిటర్‌గారికి అదే తెగ నచ్చింది. వైన్ పుక్కిలించి బకెట్లో ఉమ్మేసే పేరా మాత్రం అసభ్యమని కొట్టేశాడు. ఉమ్మకపోతే నాలుగో గదికి చేరేసరికి నాలుకా పనిచేయదు, తలా పనిచేయదు. ఇరవై ఏళ్లయినా నాకు ఆ మంట చల్లారలేదు. ఇప్పుడేమో వాక్యానికో ‘అనుభూతి’ అతికించే ఫ్యాషనొకటి. నీ దాంట్లో పదకొండు లెక్కపెట్టాను.

రెండోసారి చదువుతుంటే నీ స్నేహితురాలు కనిపించింది. కారు నడపాలి కాబట్టి రోజంతా మంచినీళ్లే తాగింది. ప్రతి గ్లాసూ వాసన చూసి నీవైపు జరిపేసింది. సాయంత్రం పార్కింగ్‌లో, “మూడోచోట మొదటిది తడిసిన అట్టపెట్టె వాసనేసింది. అంత బాగుందన్నావేంటే?” అంది.

అది కార్కు చెడ్డ సీసా అమ్మాయ్! సీసా మూతకి పెట్టే కార్కులోంచి టీసీఏ అనే పదార్థం వైన్‌లో చేరితే సరిగ్గా అదే వాసన. చెబితే ఇంకో సీసా తెరిచేవాళ్లు. మీరంతా తలలూపుతున్న సీసాని పట్టేసింది చుక్క ముట్టని మనిషి. ఆమెని రెండు వాక్యాల్లో సరిపెట్టి సూర్యాస్తమయం మీద పేజీన్నర రాస్తావా?

పుస్తకం ఎప్పుడు వేయాలని అడిగావు. ముందు ఆమెకి ఫోన్ చేసి, మిగతా గ్లాసులు ఏం వాసనేశాయో కనుక్కో. సూర్యాస్తమయం తీసేసి మళ్లీ పంపు.