పాత బాతుల పడవ మీద ఫైబర్ ఉంచాలా, తీసేయాలా?

ప్రశ్న: నమస్కారమండీ. మేం న్యూజెర్సీలో టామ్స్ రివర్ దగ్గర ఉంటాం. పోయిన అక్టోబరులో మా వీధిలో ఒక పెద్దాయన ఇల్లు ఖాళీ చేస్తూ, వాళ్ల నాన్నగారు బాతుల వేటకు వాడిన స్నీక్‌బాక్స్ పడవను నాకు ఇచ్చేశారు. పన్నెండు అడుగుల పొడవు. లోపల చెక్క, పైన ఎప్పుడో వేసిన ఫైబర్‌గ్లాస్. నాకు వేట అలవాటు లేదు. మా అమ్మాయిని ఎక్కించుకుని బే మీద పక్షుల్ని చూడాలని ఉంది. అడుగున ఫైబర్ రెండు చోట్ల చిట్లింది. వెనక పలక దగ్గర నొక్కితే మెత్తగా ఉంది. పైన ఇంకో పొర ఫైబర్ వేసేస్తే సరిపోతుందని తెలిసినవాళ్లు అంటున్నారు. సరిపోతుందా?
– ఒక పాఠకుడు, న్యూజెర్సీ

జవాబు: సరిపోదండీ. ఆ మాట విని నేను ఒక పడవ పోగొట్టుకున్నాను. ఇక్కడికి వచ్చిన కొత్తలో ఇలాంటి పడవే కొని, చిట్లిన చోటల్లా సెప్టెంబరు నెలలో కొత్త ఫైబర్ వేశాను. అద్దంలా మెరిసింది. మూడో ఏడు వెనక పలక దగ్గర బొటనవేలితో నొక్కితే వేలు లోపలికి దిగిపోయింది. పైన పొర గట్టిగానే ఉంది, దాని కింద చెక్క తడిసిన రొట్టెలా అయింది. తడిని లోపల పెట్టి నేనే మూత వేశాను.

మీ చేతికి వచ్చింది మీ బార్నెగట్ బేలోనే పుట్టిన పడవ. 1836లో వెస్ట్ క్రీక్ ఊళ్లో హేజెల్టన్ సీమన్ అనే మేస్త్రి మొదటిది కట్టాడని చెబుతారు. అణియం, అంటే ముందు కొస, గరిటెలా గుండ్రంగా పైకి లేచి ఉంటుంది, అందుకే బురద మీదా పల్చటి మంచు మీదా జారిపోతుంది. పైభాగం అంతా మూసి ఉండి, మనిషి పడుకునేంత చోటే తెరిచి ఉంటుంది. దాని మీద గడ్డి పరుచుకుని వేటగాడు లోపల పడుకునేవాడు. వెనక, ఎరగా వాడే చెక్క బాతుబొమ్మలు పెట్టుకునే అర ఉంటుంది. మీ పడవకి అది మిగిలి ఉంటే దయచేసి పారేయకండి. పలకలు వైట్ సీడార్, చట్రాలు ఓక్ అయి ఉండాలి. సీడార్ తేలిక, పుచ్చును బాగా తట్టుకుంటుంది, కానీ నీళ్లు తాగితే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. గొడవంతా అక్కడే.

విడివిడి పలకలతో కట్టిన పడవ బతికేదే ఆ ఉబ్బడం మీద. నీళ్లలో పెట్టగానే పలకలు ఉబ్బి సందులు మూసుకుంటాయి. అలాంటి దాని మీద పాలియెస్టర్ రెసిన్‌తో, అంటే ఆరాక గట్టిపడే జిగురుతో, ఫైబర్ అతికిస్తే, కింద చెక్క కదులుతుంది, పైన పొర కదలదు. ఏదో ఒక రోజు చిట్లుతుంది. పాలియెస్టర్ చెక్కను పట్టుకునే పట్టు కూడా తక్కువే. నీళ్లు లోపలికి పోవడానికి దారి దొరుకుతుంది, బయటికి రావడానికి దొరకదు. ఇంకొక మాట, ఎక్కువమంది నమ్మరు. చెక్కను పుచ్చబెట్టేది బే నీళ్లు కాదు, వాన నీళ్లు. ఉప్పు ఉన్నచోట పుచ్చు తెచ్చే బూజు అంతగా బతకదు. కాకినాడ తీరాన మా నాన్న పడవను ఒడ్డుకు లాగాక లోపల ఉప్పునీళ్లు చల్లేవాడు. అప్పుడు నాకు అర్థం కాలేదు. కాబట్టి అడుగు కంటే ముందు పైకప్పు చూడండి. అంచు కర్ర స్క్రూలు, కూర్చునే చోటు చుట్టూ ఉన్న చెక్క, తెడ్ల కోసం పడవకు బిగించిన ఇనుప సామాను. వాన దిగేది ఆ రంధ్రాల్లోంచే.

ముందు ఒక రూపాయి బిళ్లో క్వార్టరో తీసుకుని పడవంతా తట్టుకుంటూ వెళ్లండి. రెండు అంగుళాలకు ఒకసారి. అతుక్కుని ఉన్నచోట టక్ మని గట్టిగా పలుకుతుంది. ఊడిపోయిన చోట డొల్ల శబ్దం, డప్పు సడలినట్టు. అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టండి. ఒక సాయంత్రం అయ్యేసరికి పడవ మీద మ్యాపు తయారవుతుంది. తర్వాత లోపలి వైపు నుంచి సన్నటి దబ్బనం తీసుకుని గుచ్చి చూడండి. మంచి సీడార్‌లో మొన కొంచెం దిగి ఆగుతుంది, బయటికి లాగితే పీచు లేస్తుంది. పుచ్చిన చెక్కలో అడ్డు లేకుండా దిగి, పొడిగా, ముక్కలుగా బయటికొస్తుంది.

మ్యాపులో నాలుగో వంతుకు మించి డొల్లగా ఉంటే నా సలహా ఒకటే: ఫైబర్ మొత్తం తీసేయండి. అంత లేకపోతే ఆ చోట్ల వరకే కోసి తీయండి. హీట్ గన్‌తో కొంచెం వేడి చేస్తూ వెడల్పు గరిటె దూరిస్తే పాత పాలియెస్టర్ పొర చాలాచోట్ల పెద్ద ముక్కలుగా లేచి వస్తుంది. అంత తేలిగ్గా ఊడిందంటే ఆ పొర ఎన్నాళ్లనుంచో పడవను పట్టుకోవడం లేదన్నమాట. ఇంట్లో చిన్నపిల్ల ఉంది కాబట్టి గట్టిగా చెబుతున్నాను: ఇంత పాత రంగుల్లో సీసం ఉండొచ్చు. హార్డ్‌వేర్ షాపులో టెస్ట్ కిట్ దొరుకుతుంది, ముందు చూసుకోండి. సీసం ఉందని తేలితే ఆ రంగు మీద హీట్ గన్ పెట్టకండి, పొడి శాండింగ్ (గరుకు కాగితంతో రుద్దడం) చేయకండి. లేదని తేలినా గుడ్డ మాస్కు పనికిరాదు, మంచి రెస్పిరేటర్ పెట్టుకోండి. ఆ బట్టలతో ఇంట్లోకి వెళ్లకండి.

ఆ తర్వాత ఆరబెట్టాలి. ఇక్కడే అందరూ తొందరపడతారు. ఎండలో పెట్టొద్దు, పలకలు పగుళ్లిస్తాయి. గరాజ్‌లో నేలకు అడుగు ఎత్తున పెట్టి, మూతలన్నీ తీసి, ఫ్యాను గాలి తగిలేలా ఉంచండి. తేమ కొలిచే చిన్న మీటర్ కొనండి. చెక్కలో 12 శాతం లోపు చూపించే దాకా రెసిన్ డబ్బా మూత తీయొద్దు. రెండు నెలలు పట్టినా పట్టనివ్వండి. పైకప్పు కింద తేలడానికి ఫోమ్ పోసి ఉంటే పిండి చూడండి. పాత ఫోమ్ నీళ్లు పీల్చుకుని రాయిలా బరువెక్కుతుంది, పక్కనున్న చెక్కను ఎప్పటికీ ఆరనివ్వదు. అది తీసేయాల్సిందే.

పుచ్చిన పలకను కోసి కొత్త ముక్క అతికేటప్పుడు అతుకును ఏటవాలుగా చిత్రిక పట్టండి. పలక మందం అర అంగుళమైతే ఏటవాలు నాలుగు అంగుళాలు, అంటే ఒకటికి ఎనిమిది. చట్రానికి ఓక్ కొనేటప్పుడు రెడ్ ఓక్ అంటగట్టకుండా చూసుకోండి. చిన్న ముక్క తీసుకుని ఒక కొసకు సబ్బు నీళ్లు రాసి, రెండో కొస నుంచి నోటితో ఊదండి. రెడ్ ఓక్‌లో గాలి దూరి బుడగలొస్తాయి. దాని రంధ్రాలు తెరిచే ఉంటాయి, నీళ్లు కూడా అలాగే వెళ్తాయి. వైట్ ఓక్‌లో గాలి పోదు. మేకులు తుప్పు పట్టి ఉంటే సిలికాన్ బ్రాంజ్ స్క్రూలు వాడండి. ఖరీదే, కానీ మళ్లీ విప్పక్కర్లేదు.

మళ్లీ ఫైబర్ వేయాలా అన్నది ఇక మీ ఇష్టం. ఏడాదిలో మూడొంతులు గరాజ్‌లోనే ఉంటుంది కాబట్టి, మీ పడవకి వేయమనే అంటాను. నీళ్లకు దూరంగా ఎండిపోయే పడవ ప్రతిసారీ కారుతుంది. అయితే పాలియెస్టర్‌తో కాదు, చెక్కను గట్టిగా పట్టుకునే ఎపాక్సీ రెసిన్‌తోనే వేయండి, ఆరు ఔన్సుల ఫైబర్ గుడ్డ చాలు. లోపలి వైపు కూడా ఎపాక్సీ పూయాలి. ఒక వైపే మూసి రెండో వైపు వదిలేస్తే మళ్లీ మొదటి కథే. ఎపాక్సీ గట్టిపడ్డాక పైన జిడ్డులాంటి పొర తేలొచ్చు. ముందు నీళ్లతో రుద్ది కడిగి, ఆ తర్వాతే శాండ్ చేయండి, లేకపోతే రంగు పట్టదు. స్క్రూ రంధ్రాలను పెద్దవి చేసి ఎపాక్సీతో నింపి, గట్టిపడ్డాక మళ్లీ తొలవండి.

రంగు విషయం. ఈ పడవలకు ఎండుగడ్డి రంగు వేసేది ఎవరికీ కనపడకూడదనే. పాత అందం కావాలంటే అదే వేయండి, కానీ శీతాకాలం వేట రోజుల్లో తెల్లవారుజామున పాపతో గడ్డి అంచుల్లోకి వెళ్లకండి. ఇద్దరూ నారింజ రంగు లైఫ్ జాకెట్లు వేసుకోండి.

ప్రశ్న: ఇలాంటి చిన్న పడవకి బ్యాటరీ మోటార్ పెడితే రిజిస్ట్రేషన్ అక్కర్లేదంటున్నారు. నిజమేనా?
– ఇంకో పాఠకురాలు, న్యూజెర్సీ

జవాబు: కాదమ్మా. న్యూజెర్సీలో మోటార్ ఉంటే చాలు, బ్యాటరీదైనా రిజిస్ట్రేషన్ కావాలి.

ప్రశ్న: మాది కైకలూరు. తాతగారి తాటిదోనె ఇంటి వెనక ఉంది. పాడవకుండా ఫైబర్ వేయించమంటారా?
– ఒక పాఠకుడు

జవాబు: వద్దు బాబూ. తాటిమాను పలకలాంటిది కాదు. నిలువునా పీచు, పీచు మధ్య మెత్తటి గుజ్జు. అది తాగిన నీళ్లు పూర్తిగా ఆరడం చాలా కష్టం, రెసిన్ పట్టదు. నేల తగలకుండా రెండు ఇటుకల వరసల మీద బోర్లించి, పైన వాన పడకుండా, పక్కల నుంచి గాలి ఆడేలా రేకు వేయండి. చెద రాకుండా ఇటుకల చుట్టూ నెలకోసారి చూస్తూ ఉండండి. తాతగారి తెడ్డు, గడ కూడా ఉంటే దోనె కిందే పెట్టండి.