సిరిమాను పండక్కి సౌండ్ ఒప్పుకున్న మేనల్లుడికి

ఒరే చిన్నోడా,

సిరిమాను పండక్కి కోట దగ్గర స్టేజీ సౌండ్ నువ్వే చూస్తున్నావని మీ అమ్మ ఫోన్ చేసింది. మనింటి పిల్లోడు అంత జనం ముందు కన్సోల్ పడతాడంటే ఛాతీ పొంగింది. డాంటే మీద, అంటే నెట్‌వర్క్ కేబుళ్లలో సౌండ్ పంపే పద్ధతి మీద నడుపుతావని విన్నాక మాత్రం నిద్ర పట్టలేదు.

కాపర్ కేబుల్ వంద మీటర్లు దాటనివ్వకు, దాటితే ఫైబర్ వాడు. పరికరాలన్నీ 48 కిలోహెర్ట్జ్ శాంపిల్ రేటులోనే పెట్టు. ప్రైమరీ, దానికి తోడుగా ఉండే సెకండరీ నెట్‌వర్కులు ఎక్కడా కలవకూడదు. ఇవన్నీ నీకు తెలిసినవే.

పరికరాల కేబుళ్లన్నిటినీ కలిపే నెట్‌వర్క్ స్విచ్ గురించే నా బెంగ. ఓసారి బొబ్బిలి దాపున ఒక ఊళ్లో హరికథ. అద్దె సామాను తెచ్చినవాళ్లు తమ స్విచ్ పాడైందని బజార్లో దొరికినది తగిలించేశారు. దాసుగారు గజ్జె కట్టి పద్యం ఎత్తుకోగానే గొంతు టక్కున తెగింది. వచ్చింది, మళ్లీ తెగింది. కుర్రాళ్లు మైకు మార్చారు, కేబుల్ మార్చారు, మైకులు గుచ్చే స్టేజ్ బాక్స్ ఆపి వేశారు. అన్నీ ఒక్కసారే! ఇక తప్పు ఎక్కడుందో ఎలా తెలుస్తుంది? ఆదిభట్ల నారాయణదాసు గారు పుట్టిన అజ్జాడ ఆ పక్కనేరా. అలాంటి చోట హరికథకు ఆ గతి పడితే నాకు కడుపు తరుక్కుపోయింది. డాంటే కంట్రోలర్ సాఫ్ట్‌వేర్ తెరిస్తే, పరికరాలన్నిటినీ ఒకే లయలో నడిపే క్లాక్ సింక్ మాటిమాటికీ పోతోంది. కారణం ఆ స్విచ్‌లోని కరెంటు పొదుపు, అదే ఎనర్జీ ఎఫిషియెంట్ ఈథర్నెట్. ట్రాఫిక్ తగ్గితే పోర్టు కునుకు తీస్తుంది, మేల్కొనేలోపు క్లాక్ ప్యాకెట్ల టైమింగ్ చెదురుతుంది. మేనేజ్డ్ స్విచ్ అయితే సెట్టింగ్స్‌లో ఆపేసేవాళ్లం. దానికి ఆ వీలే లేదు. వేరే స్విచ్ వచ్చేదాకా దాసుగారు మైకు లేకుండానే చెప్పారు, వెనక వరసలవాళ్లు లేచెళ్లిపోయారు.

అందుకని సౌండ్ తెగితే ముందు క్లాక్ చూడు. అది బాగుంటే లేటెన్సీ గ్రాఫ్, అంటే ప్యాకెట్లు ఎంత ఆలస్యంగా వస్తున్నాయో చూడు. ప్యాకెట్లు ఆలస్యమవుతుంటే లేటెన్సీని ఒక మిల్లీసెకను నుంచి రెండుకు పెంచు. గిగాబిట్ పోర్టు వంద మెగాబిట్‌లో కనిపిస్తే కేబుల్లో తీగల జత తెగిందేమో చూడు. ఒకటి మార్చి, చెవి పెట్టి విని, ఆ తర్వాతే రెండోది.

కంగారులో గెయిన్ పెంచావో, తంతాను! తెగిన సౌండ్ ఒక్కసారి తిరిగొస్తే స్పీకర్ల ముందు కూర్చున్న పసిపిల్లల చెవులేమవుతాయి? పైగా మనకది తుపాన్ల కాలం, తిత్లీ వచ్చింది 2018 అక్టోబర్‌లోనే. కనెక్టర్లు నేల మీద వదలకు, జనరేటర్ ఎర్త్ నువ్వే దగ్గరుండి చూసుకో. వేళకి ఇంత తిను నాయనా, పనిలో పడితే నీకు ఆకలి గుర్తుండదు.

రేపు పొద్దున్నే స్విచ్ మోడల్ నంబరు కనబడేలా ఫొటో తీసి పంపు.

మీ మావయ్య