పాత అంబాసిడర్‌కి ఎలక్ట్రిక్ రేడియేటర్ ఫ్యాన్ బిగించొచ్చా?

మీ ప్రశ్న ఇదీ: 1986 పెట్రోల్ అంబాసిడర్. విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో ఆగితే చాలు, టెంపరేచర్ ముల్లు పైకి ఎగబాకుతోంది. మీ మెకానిక్ మారుతి ఫ్యాన్ బిగిద్దామంటున్నాడు. బిగించొచ్చా, ఇంజన్ మీదున్న పాత ఫ్యాన్ తీసేయాలా, డాష్‌బోర్డులో స్విచ్ పెట్టాలా, లేక దానంతటదే తిరిగేలా చేయించాలా?

మా ఇంట్లోనూ మీ బండి లాంటి మార్క్ ఫోర్ అంబాసిడరే ఉంది. కొన్నేళ్ళుగా ఎలక్ట్రిక్ ఫ్యాన్ మీదే నడుస్తోంది, మే నెల ఎండల్లో కూడా గుంటూరు వెళ్ళొస్తోంది. కాబట్టి బిగించొచ్చు, బాగా పనిచేస్తుంది. అయితే అది ఎప్పుడు పనికొస్తుందో, ఎప్పుడు పనికిరాదో ముందు తేల్చుకోవాలి. ఎందుకంటే చాలామంది ఫ్యాన్ బిగించాక కూడా బండి పొంగుతోందని మళ్ళీ ఆటోనగర్ చుట్టూ తిరుగుతుంటారు.

ఎలక్ట్రిక్ ఫ్యాన్ ఇచ్చేది గాలి ఒక్కటే. బండి ఆగి ఉన్నప్పుడు ఇంజన్ మెల్లగా తిరుగుతుంది, దాని బెల్టు మీద ఆధారపడ్డ ఫ్యానూ అంతే మెల్లగా తిరుగుతుంది. గాలి చాలదు, వేడెక్కుతుంది. అలాంటి వేడికి ఎలక్ట్రిక్ ఫ్యాన్ సరైన మందు. అదే గన్నవరం రోడ్డు మీద అరవైలో పోతున్నప్పుడు ఎదురుగాలే రేడియేటర్‌కి సరిపోవాలి, ఫ్యాన్ ఉన్నా లేకపోయినా పెద్దగా తేడా ఉండదు. ఆ వేగంలో కూడా ముల్లు పెరుగుతోందంటే లోపం నీళ్ళ దగ్గర ఉంది, లేదా ఇంజన్‌లో ఉంది: రేడియేటర్ పూడిపోయి ఉండొచ్చు, వాటర్ పంపు అరిగి ఉండొచ్చు, బెల్టు జారుతుండొచ్చు, టైమింగ్ తప్పి ఉండొచ్చు, హెడ్ గ్యాస్కెట్ పోయి ఉండొచ్చు. దానికి ఎంత పెద్ద ఫ్యాన్ పెట్టినా లాభం లేదు. మీరు ట్రాఫిక్‌లో అని రాశారు గానీ హైవే సంగతి రాయలేదు. ఒక పొద్దున మంగళగిరి దాకా వెళ్ళి ముల్లు ఎక్కడ నిలుస్తుందో చూసి రండి.

రేడియేటర్ పూడిందో లేదో తెలుసుకోడానికి ఇంట్లో చేయగల పరీక్ష ఒకటుంది. బండి బాగా వేడెక్కాక ఇంజన్ ఆపేసి, కాసేపాగి, రేడియేటర్ ముందువైపు అరచేత్తో పైనుంచి కిందకి, పక్కలకి తడిమి చూడండి. వేడి నెమ్మదిగా తగ్గుతూ రావాలి. మధ్యలో ఎక్కడైనా చల్లటి మచ్చలా తగిలితే అక్కడ గొట్టాలు మూసుకుపోయాయని అర్థం. మన వైపు బోరు నీళ్ళు పోసిన బళ్ళన్నిటికీ ఇదే జబ్బు, లోపల సున్నంలా పేరుకుపోతుంది. ఈ బళ్ళ రేడియేటర్ రాగి, ఇత్తడిది కాబట్టి ఆటోనగర్‌లో పై ట్యాంకు టంకం కరిగించి తీసి, గొట్టం గొట్టంలో రాడ్ దూర్చి శుభ్రం చేసి, మళ్ళీ టంకం వేసి ఇస్తారు. ఫ్యాన్ కన్నా ముందు ఆ పని చేయించండి. పనిలో పనిగా క్యాప్ మార్చండి. 7 పౌండ్ల ఒత్తిడి ఆపే క్యాప్ సరిగ్గా పట్టితే నీళ్ళు 100 డిగ్రీల దగ్గర కాక 111 దగ్గర మరుగుతాయి. రబ్బరు వాచర్ ఎండిపోయిన క్యాప్‌తో ఆ బలం పోతుంది. క్యాప్ మాత్రం ఇంజన్ వేడి మీద ఉండగా తిప్పకండి, మరిగే నీళ్ళు మొహాన చిమ్ముతాయి. నీళ్ళు తగినంత వేడెక్కేదాకా రేడియేటర్‌కి దారి మూసి ఉంచే థర్మోస్టాట్‌ని ఎవరైనా పీకేసి ఉంటే మళ్ళీ పెట్టించండి, అది లేకపోతే వేడి ఒక చోట నిలకడగా ఉండదు.

ఇక అసలు చిక్కు కరెంటు. ఇంజన్ తిరుగుతుంటే కరెంటు పుట్టించేది మీ బండికి పాత రకం డైనమోనా, కొత్త రకం ఆల్టర్నేటరా? ఆ తరం లూకాస్ సీ40 డైనమో ఎంత తిరిగినా ఇచ్చేది 22 ఆంపియర్లు. రెండు హాలోజెన్ హెడ్‌లైట్లే 9 లాగుతాయి, ఇగ్నిషన్ మూడు నాలుగు, వెనక లైట్లు, హారన్ సరేసరి. దాని మీద చిన్న కారు ఫ్యాన్ దగ్గరదగ్గర 10 ఆంపియర్లు, స్టార్టయ్యే క్షణంలో దానికి రెండు మూడింతలు. లెక్క సరిపోదు. అంతకన్నా పెద్ద ఇబ్బంది, ఐడిల్‌లో, అంటే బండి ఆగి ఇంజన్ మెల్లగా తిరిగేటప్పుడు, డైనమో దాదాపు ఏమీ ఇవ్వదు, డాష్‌బోర్డులో ఎర్ర దీపం వెలుగుతూనే ఉంటుంది. అంటే ఫ్యాన్ అవసరమయ్యే ట్రాఫిక్‌లోనే అది బ్యాటరీని పీల్చేస్తుంది. రాత్రి వారధి మీద జామ్‌లో లైట్లూ ఫ్యానూ కలిసి నడిస్తే బ్యాటరీ దిగిపోయి బండి అక్కడే ఆగిపోతుంది. కాబట్టి డైనమో ఉంటే ముందు ఆల్టర్నేటర్ పెట్టించండి, ఫ్యాన్ తర్వాత. మన మెకానిక్కులకి ఇది అలవాటైన పనే. పుల్లీలు మూడూ ఒకే గీతలో ఉన్నాయో లేదో మీరు దగ్గరుండి చూడండి. అలాగే బ్యాటరీలో బాడీకి కలిసింది ఏ టెర్మినలో చూడండి. బాగా పాత బళ్ళలో కొన్నిటికి పాజిటివ్ ఎర్త్ ఉంటుంది, అంటే ప్లస్ టెర్మినల్ బాడీకి కలిసి ఉంటుంది, ఆల్టర్నేటర్‌కి అది పనికిరాదు, ముందే మార్చాలి.

ఫ్యాన్ ఎక్కడ పెట్టాలన్నది తర్వాతి మాట. చోటుంటే ఇంజన్ వైపు, గాలి లోపలికి లాగేలా పెట్టడం మేలు. గ్రిల్ వైపు పెడితే ఎదురుగాలికి అదే అడ్డం. వాటర్ పంపు ముక్కుకీ రేడియేటర్‌కీ మధ్య ఎంత జాగా ఉందో, మోటారు మందం ఎంతో కొలిచాకే ఫ్యాన్ కొనండి. చుట్టూ రేకు డొప్ప ఉన్న ఫ్యాన్ తీసుకోండి, అది లేకపోతే ఫ్యాన్ ఎదురుగా ఉన్న గుండ్రటి చోటు మాత్రమే చల్లబడుతుంది, మూలలు వేడిగానే ఉంటాయి.

ప్లాస్టిక్ టైలు రేడియేటర్ రెక్కల్లోంచి దూర్చి కట్టేస్తామంటే మాత్రం ఒప్పుకోకండి. బండి అదిరినప్పుడల్లా అవి గొట్టాల్ని రాస్తూ చివరికి కన్నం పెడతాయి. మాది బిగించినాయన ఇనప పట్టీలు రెండు వంచి, రేడియేటర్ పక్క ఫ్రేము బోల్టులకే తగిలించి, పాత లారీ ట్యూబు కోసి పట్టీకీ డొప్పకీ మధ్య పెట్టాడు. తర్వాత రెక్కని వేలితో నెమ్మదిగా ఒక చుట్టు తిప్పాడు, ఎక్కడా తగలకుండా ఉందో లేదో చెవి పెట్టి విన్నాడు. కరెంటిచ్చాక గ్రిల్ ముందు న్యూస్‌పేపర్ ముక్క పట్టుకుంటే అది వెళ్ళి రేడియేటర్‌కి అతుక్కుంది. మీరూ ఆ కాగితం పరీక్ష చేయండి. వైర్లు తారుమారైతే ఫ్యాన్ వెనక్కి తిరుగుతుంది, చప్పుడు మామూలుగానే వస్తుంది, బండి మాత్రం పొంగుతుంది.

పాత ఫ్యాన్ తీసేయొచ్చు, చోటు కోసం చాలాసార్లు తీయక తప్పదు కూడా. ఒక్క జాగ్రత్త. ఆ బోల్టులే పుల్లీని కూడా పట్టుకుని ఉంటాయి. ఫ్యాన్ మందం పోయింది కాబట్టి అవే బోల్టులు తిరిగి బిగిస్తే పొడవెక్కువై లోపల పంపుకి తగలొచ్చు, లేదా బిగిసినట్టే ఉండి పుల్లీ వదులుగా మిగలొచ్చు. పొట్టి బోల్టులు, స్ప్రింగ్ వాచర్లు వేయించండి.

వైరింగ్‌లో రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని వేసి ఆపే స్విచ్) లేకుండా పని కానివ్వొద్దు. దాని పిన్నుల మీద అంకెలుంటాయి. బ్యాటరీ నుంచి ఫ్యూజు, ఫ్యూజు నుంచి రిలే 30 పిన్నుకి, రిలే 87 పిన్ను నుంచి ఫ్యానుకి. ఈ దారికి 4 చదరపు మిల్లీమీటర్ల వైరు, 30 ఆంపియర్ల ఫ్యూజు, అదీ బ్యాటరీకి జానెడు లోపే. ఫ్యాన్ ఎర్త్ బాడీకి, రంగు గీకేసి తెల్లటి ఇనుము కనబడిన చోట. 85, 86లలో ఒకదానికి ఇగ్నిషన్ ఆన్ చేస్తేనే వచ్చే కరెంటు, రెండోది థర్మో స్విచ్ (నీళ్ళ వేడిని బట్టి దానంతటదే వేసుకుని ఆగే స్విచ్) ద్వారా ఎర్త్‌కి. నేరుగా బ్యాటరీ నుంచి ఇస్తే తాళం తీసేశాక కూడా వేడికి ఫ్యాన్ తిరుగుతుంది, బ్యాటరీ దిగుతుంది. బానెట్ ఎత్తి చెయ్యి పెట్టినవాళ్ళ వేళ్ళకీ ప్రమాదం.

థర్మో స్విచ్ ఇంజన్ నుంచి వేడి నీళ్ళు వచ్చే పై హోస్‌లో పెట్టిస్తే, 82 డిగ్రీల థర్మోస్టాట్‌కి 92 దగ్గర ఆన్ అయి 87 దగ్గర ఆగేది సరిపోతుంది. థర్మోస్టాట్ తెరుచుకునే వేడి కన్నా తక్కువది పెడితే ఫ్యాన్ ఇక ఆగదు. హోస్ కోసి మధ్యలో ఇత్తడి ముక్క పెట్టేటట్టయితే, అది రెండు రబ్బరు గొట్టాల మధ్య ఉంటుంది కాబట్టి ఒంటి పిన్ను స్విచ్‌కి ఎర్త్ అందదు. ఆ ఇత్తడి ముక్కకి విడిగా ఎర్త్ వైరు కట్టించండి. కొత్తగా బిగించినా ఫ్యాన్ తిరగట్లేదంటే నేను మొదట చూసేది ఇదే.

స్విచ్చా, ఆటోమేటిక్కా అన్నారు. రెండూ పెట్టించండి. రోజువారీ పని థర్మో స్విచ్‌దే. డాష్‌బోర్డు స్విచ్‌ని దానికి సమాంతరంగా, రిలేని ఎర్త్ చేసేలా కలిపితే, థర్మో స్విచ్ పాడైన రోజు చేత్తో వేసుకోవచ్చు. ఒక్క చేతి స్విచ్ మీదే ఆధారపడితే ఇంట్లో వేరేవాళ్ళు నడిపినప్పుడు మర్చిపోతారు, ఇంజన్ హెడ్ వంగిపోతుంది.

ఇంకో సంగతి, మన ఎండలకి ముఖ్యం. పాత ఫ్యాన్ ఎప్పుడూ తిరుగుతూ కార్బొరేటర్ మీదకీ పెట్రోల్ పంపు మీదకీ కాస్త గాలి విసిరేది. అది పోయాక మధ్యాహ్నం బండి ఆపి మళ్ళీ తీస్తే, పైపులో పెట్రోల్ ఆవిరైపోయి స్టార్ట్ కాక మొరాయించొచ్చు. టెంపరేచర్ ముల్లు మామూలుగానే ఉంటుంది, అందుకని ఫ్యాన్‌ని అనుమానించకండి. పెట్రోల్ పైపుని ఎగ్జాస్ట్‌కి దూరంగా మళ్ళించి, దగ్గరైన చోట వేడి తగలని తొడుగు వేయిస్తే చాలావరకు తగ్గుతుంది.

అంతా అయ్యాక ఐడిల్‌లో ఫ్యాన్, హెడ్‌లైట్లు రెండూ వేసి మల్టీమీటర్ బ్యాటరీ మీద పెట్టండి. 13 వోల్టులకి పైన నిలిస్తే ఆల్టర్నేటర్ భారం మోస్తున్నట్టు. 12.5కి కిందకి జారుతుంటే బెల్టు బిగువు, పుల్లీ సైజు చూడాలి. మీది డైనమోనా ఆల్టర్నేటరా, హైవే మీద ముల్లు ఎక్కడుంటోంది, ఈ రెండూ రాయండి. దాన్నిబట్టి మిగతాది చెబుతాను.