ఎనిమిది ఔన్సులంటే ఎనిమిదో గీత కాదమ్మా

అమ్మడూ,

నువ్వు పంపిన ఫోటో చూశాను. చికెన్ సూప్‌లో నూడుల్స్ కోసం వెతుక్కోవాల్సి వచ్చింది. "8 ఔన్సులు వేయమన్నారు, అంతే వేశాను పెద్దమ్మా" అంటున్నావు. ఎలా కొలిచావో ఇక్కణ్ణుంచే చెప్పగలను. గాజు కప్పు తీసుకుని, 8 అని ఉన్న గీత దాకా ఎగ్ నూడుల్స్ పోసి ఉంటావు. అవునా?

ఆ గీత నీళ్లకీ పాలకీ పెట్టింది. అది చోటుని కొలిచే ఔన్సు. నూడుల్స్‌కి చెప్పింది బరువు. 8 ఔన్సులంటే సుమారు 227 గ్రాములు. ఆ 8 గీత దాకా పోస్తే ఒక కప్పు. వెడల్పు ఎగ్ నూడుల్స్ కప్పు నిండా పోసినా 40 గ్రాములకి అటూ ఇటూగానే తూగుతాయి, ఆ మెలికల మధ్య ఉండేదంతా గాలే. అంటే నువ్వు వేసింది ఆరో వంతు.

మా అమ్మ కాలంలో ఈ తికమక లేదు. గిద్ద, సోల, తవ్వ, మానిక అంటే కొలత. పలం, వీశె అంటే తూకం. పేర్లే వేరు. మానికెడు బియ్యం, మానికెడు అటుకులు ఒక్క బరువు ఉండవని బడి మొహం చూడనివాళ్లకీ తెలుసు. మీ అమెరికావాళ్లు రెండిటికీ ఔన్సనే పేరు పెట్టి మన ప్రాణం తీస్తున్నారు.

చిన్న డిజిటల్ కాటా ఒకటి కొనుక్కో. ఖాళీ గిన్నె పెట్టి, సున్నా చేసి, అప్పుడు నూడుల్స్ వెయ్యి. అది గ్రాములు చూపిస్తోందో ఔన్సులు చూపిస్తోందో మాత్రం చూసుకో. ఔన్సుకి 28 గ్రాములు చిల్లర.

కాటా వచ్చేదాకా ప్యాకెట్టే నీ కాటా. దాని మీద బరువు రాసే ఉంటుంది కదా. 16 ఔన్సుల ప్యాకెట్ అయితే మొత్తం పళ్లెంలో పోసి నాలుగు సమానమైన కుప్పలు చెయ్యి. కుప్పకి 4 ఔన్సులు. నీ సూప్‌కి రెండు కుప్పలు. కప్పుల గొడవే ఉండదు. కంటితో పంచితే కాస్త అటూ ఇటూ అవుతుంది, సూప్‌కి అదేం పట్టదులే.

స్పఘెటీని కప్పులో కొలవాలని చూడకు, అవి నిలువుగా నిలబడి వెక్కిరిస్తాయి. పిడికిట్లో పట్టుకుంటే కట్ట మొదలు మీ క్వార్టర్ నాణెం, అదే పావు డాలర్ బిళ్ల, అంత ఉండాలి. అది దాదాపు 2 ఔన్సులు, ఒక మనిషికి సరి. వంకీ మాకరోనీ మాత్రం కప్పులో బాగానే సర్దుకుంటుంది. కప్పుకి 105 గ్రాముల దాకా తూగుతుంది, కాబట్టి 8 ఔన్సులంటే రెండు కప్పుల పైచిలుకు.

ఇంకో మెలిక ఉంది, దాన్లో నేనే పడ్డాను. న్యూజెర్సీలో అన్నయ్య దగ్గరున్నప్పుడు, ఉడికిన మాకరోనీ నాలుగు కప్పులు కావాలంటే నేను ఎండువి నాలుగు కప్పులు పోశాను. ఉడికేసరికి ఎనిమిదయ్యాయి. మీ పెదనాన్న రెండు రోజులు నోరెత్తకుండా తిన్నారు. మూడో రోజు మూత తీసి చూసి, "కాస్త అన్నం వండుతావా" అన్నారు. మాకరోనీ ఉడికితే చోటూ, బరువూ రెండూ రెట్టింపు దాకా పెరుగుతాయి. ఎగ్ నూడుల్స్ అలా కాదు, బరువు పెరుగుతుంది గానీ మెత్తబడి కిందికి దిగుతాయి, కప్పు వేస్తే కప్పు మించవు. అందుకని 'ఉడికినవి' అన్న మాట ఉందో లేదో ముందే చూసుకో.

సేమ్యా ఉప్మాకి ఈ టెన్షనేం పెట్టుకోకు. ఏ గ్లాసుతో సేమ్యా పోశావో ఆ గ్లాసుతోనే రెండు నీళ్లు పొయ్యి, గ్లాసు చిన్నదైనా పెద్దదైనా ఒకటే. పొడుగు సేమ్యా అయితే విరిచాకే కొలువు.

ఆదివారం సూప్ మళ్లీ చేసి ఫోటో పెట్టు. ఈసారి మిరియాలు కొంచెం ఎక్కువ వెయ్యి.

మీ పెద్దమ్మ